విరామంలో మాట్లాడుకునేవి

నవంబరు 4, ఆదివారం

పరామర్శకి వచ్చే ప్రతివాళ్ళదీ అదే మాట. మా ఆవిడ నెరేయిదా ఇప్పుడు స్వర్గంలో దాన్సోన్ నాట్యం ఆడుతూ ఉంటుందట. ఎవరితో అని అడగాలనిపిస్తుంది. అడగను. కాఫీ ఇచ్చి పంపేస్తాను.

ఆమె పోయి ఐదు వారాలు దాటింది. గుండె. అంతకుమించి రాయను.

నవంబరు 7, బుధవారం

నెరేయిదా అక్క ఒబ్దూలియా కింది వాటాలోంచి పైకొచ్చి నా చొక్కాలన్నీ పోగుచేసుకుని పట్టుకుపోయింది. నన్నడగలేదు. ఎనభై ఏళ్ళ మనిషి. నేను ఉతుక్కోగలను వదినా అన్నాను. నీ ఉతుకుడు తీగ మీద చూశాను మరిదీ, వీధి వీధంతా చూసింది, అంది.

నవంబరు 10, శనివారం, మధ్యాహ్నం

మా దాన్సోన్ సంఘం అధ్యక్షుడు బాల్డొమేరో వచ్చాడు. బస్సు డిపోలో ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఎవరింటికెళ్ళినా టికెట్ అడగడానికొచ్చినట్టే గుమ్మంలో నిలబడతాడు.

జనవరి ఒకటికి దాన్సోన్ పుట్టి నూట నలభై ఏళ్ళట. మా మతాన్సాస్ ఊళ్ళో, రేవు వీధికి పైనున్న ఆ పొడుగు కిటికీల హాల్లోనే పుట్టింది కాబట్టి అక్కడే ప్రోగ్రాం. టీవీ వాళ్ళు వస్తున్నారు. కొందరు విదేశీయులు కూడా. ఐదు నిమిషాలు నేను మాట్లాడాలి. మాస్టారూ, మనలో చదువుకున్నవాళ్ళు మీరు కాక ఇంకెవరున్నారు, అన్నాడు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. ఫిజిక్స్‌కీ దాన్సోన్‌కీ ఏం సంబంధం?

చివర్లో నెరేయిదా పేరు చెప్పమన్నాడు. సంఘానికి నాట్యం నేర్పింది ఆమె కదా అన్నాడు. అందుకే ఒప్పుకున్నాను.

నవంబరు 18, ఆదివారం

ఉపన్యాసం రాయడం మొదలుపెట్టాను. ఐదు నిమిషాలకి నాలుగు పేజీలయింది. కోపం వస్తే నా చెయ్యి ఆగదు.

అందరూ చెప్పే కథ ఏమిటంటే, ఫలానా ఏడాది జనవరి ఒకటిన, ఫలానా హాల్లో, ఫలానా మాస్టరు బాకా ఊదాడు, దాన్సోన్ పుట్టింది. కోడి గుడ్డు పెట్టినట్టు. ముందేమీ లేనట్టు.

ముందు ఇంగ్లండు పల్లెటూళ్ళలో వరసల్లో నిలబడి ఆడే ఆట ఉండేది. దాన్ని ఫ్రాన్సు దొరలు పట్టుకెళ్ళి మేజోళ్ళు తొడిగారు. హైతీలో బానిసలు తిరగబడితే అక్కడి తోటల యజమానులు పడవలెక్కి మా ద్వీపం తూర్పు కొసకి పారిపోయి వచ్చారు. వస్తూ ఆటనీ తెచ్చుకున్నారు, వాయించే నల్లవాళ్ళనీ తెచ్చుకున్నారు. ఆటేమో దొరలది. చేతులేమో వీళ్ళవి. ఆ చేతులు రెండు దెబ్బల మధ్య ఇంకో మూడు దెబ్బలు దూర్చాయి. అప్పటిదాకా నిటారుగా నడిచిన ఆటకి నడుము వచ్చింది. తర్వాత వరసలు చెదిరాయి, జంట జంటగా విడిపోయారు. మా ఊళ్ళో నల్లవాళ్ళ జట్లు పూల తోరణాలు పట్టుకుని ఆడేదాన్ని అప్పటికే దాన్సోన్ అనేవాళ్ళు. ఆ తర్వాతే ఆ హాలు, ఆ జనవరి ఒకటి. మగాడూ ఆడదీ అంతసేపు అంత దగ్గరగా నిలబడటమేమిటని పేపర్లు మొత్తుకున్నాయి. పిల్లల్ని పంపొద్దని తల్లులకి సలహాలిచ్చాయి. తల్లులు పిల్లల్ని ఆపారు, తాము వెళ్ళారు.

బాకాలు పోయి వేణువూ వయొలిన్లూ వచ్చాయి. చివరి భాగంలో పల్లె పాట చేరింది. ఆ చివరి భాగం పొడుగై పొడుగై దాని కడుపున మాంబో, చాచాచా పుట్టాయి. పిల్లలు లోకమంతా తిరుగుతున్నారు. తల్లి ఇంకా ఇదే ఊళ్ళో, ఒక్క గచ్చు పలక దాటకుండా ఆడుతోంది.

ఆఖరి పేజీ నెరేయిదా వాళ్ళ తాతది. ఆ హాల్లో ఆయన ఆర్కెస్ట్రాలో తాళానికి గాట్లున్న సొరబుర్ర గీసేవాడు. లోపల వాయించేవాళ్ళందరూ నల్లవాళ్ళు, ఆడేవాళ్ళందరూ తెల్లవాళ్ళు. వాళ్ళ నాయనమ్మకి లోపలికి ప్రవేశం లేదు. కిటికీ బయట వీధిలో నిలబడి మొగుడి వాయింపు వినేది. విరామంలో దొరసానులు గాలి కోసం కిటికీ దగ్గరికి వస్తే పక్కకి జరిగేది. ఆ కిటికీ లోపలి గచ్చు మీద మనవరాలు నాట్యం నేర్పింది. ఈ మాట చెప్పి నెరేయిదా పేరు చెప్పి దిగిపోతాను.

వదినకి చదివి వినిపించాను. ఊచల కిటికీ అని కూడా రాయి, అంది. వాళ్ళ నాయనమ్మ చేతులకి తుప్పు అంటుకునేదట.

రాశాను.

నవంబరు 24, శనివారం, సాయంత్రం

ఇప్పుడే ఇంటికొచ్చాను.

రిహార్సల్ చూడ్డానికి వెళ్ళాను. ఆమె పోయాక ఆ హాలు మెట్లెక్కడం ఇదే మొదలు. హవానా నుంచి ఒక నాట్య దర్శకుణ్ణి తెప్పించారు. పేరు యాస్మానీ. ముప్ఫై ఏళ్ళుంటాయి, బిగుతు ప్యాంటు. మర్యాదస్థుడే. అదే నాకు మండింది. తిట్టడానికి వీల్లేని మనిషి.

అతను విరామాలు తీసేశాడు.

అతనికి చెప్పినట్టే ఇక్కడా రాస్తాను, ఎవరూ చదవకపోయినా. దాన్సోన్‌లో పల్లవి ఒకటుంటుంది. మొదట వస్తుంది, ప్రతి భాగం తర్వాతా తిరిగొస్తుంది. పల్లవి మోగుతున్నంతసేపూ ఎవరూ ఆడరు, అదే విరామం. జంటలు చేతిలో చెయ్యి వేసుకుని, ఆర్కెస్ట్రా వైపు తిరిగి నిలబడతారు. ఆడవాళ్ళు విసనకర్ర విప్పుతారు. పక్క జంటని పలకరిస్తారు. పల్లవి అయిపోతుండగా విసనకర్ర టప్పున మూసుకుంటుంది, ఆట మొదలయ్యే ఎత్తుగడ అందుకుంటారు. ఆ ఎత్తుగడ తప్పినవాడు దాన్సోన్ రానివాడు. ఎంత గొప్పగా ఆడినా సరే.

యాస్మానీ అన్నీ విన్నాడు. నాకు తెలుసు మాస్టారూ, చాలా అందంగా చెప్పారు, కానీ కెమెరాకి నిలబడ్డ మనుషులు ఫొటో లాగా ఉంటారు, చూసేవాడు ఛానల్ మార్చేస్తాడు, అన్నాడు. అందుకని పల్లవి మీద కూడా తిరుగుళ్ళు పెట్టాడట. మా ముసలాళ్ళు తిరుగుతున్నారు. మోకాళ్ళు పట్టుకుని, నవ్వు మొహాలు పెట్టుకుని. బాల్డొమేరో పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

అంగడి బొమ్మలు కూడా కీ అయిపోతే ఆగుతాయి అన్నాను. గట్టిగానే అన్నాను.

నవంబరు 25, ఆదివారం

నెరేయిదా ముఖ్యమైనవన్నీ నాతో విరామంలోనే చెప్పింది.

వాళ్ళమ్మకి క్యాన్సర్ అని. రెండోసారి కడుపు నిలవలేదని. హవానాలో నాకొచ్చిన ఉద్యోగానికి తను రానని. మొన్న జూన్‌లో డాక్టరు తన గుండె గురించి అన్న మాట. ఆర్కెస్ట్రా వైపు చూస్తూ, విసురుకుంటూ, పక్క జంటకి తలూపుతూ. విరామంలో ముఖం చిట్లించకూడదు. గొంతు పెంచకూడదు. వెళ్ళిపోకూడదు. చెప్పడం అయిపోయేసరికి పల్లవి అయిపోయేది. ఆమెని పట్టుకుని ఆడాలి. ఆడేవాళ్ళం.

నన్ను పెళ్ళి చేసుకుంటానని చెప్పింది కూడా అక్కడే అయ్యుండాలి. గుర్తు రావడం లేదు. కాదేమో.

ఆ కుర్రాడు తీసేసింది అదీ. ఫొటో అట.

డిసెంబరు 1, శనివారం

వెళ్ళాను. అందరి ముందూ అడిగాను. బాల్డొమేరో నన్ను పక్కకి తీసుకెళ్ళబోయాడు. పక్కకి రానన్నాను.

విరామం సంగతి అడిగితే, ముందే అతనికి చదివి వినిపించిన ఉపన్యాసం సంగతి ఎత్తాడు. ఆఖరి పేజీ వద్దట. పండగ పూట ఎవరు లోపలున్నారు, ఎవరు బయటున్నారు అనే గొడవ ఎందుకట. అయినా మాస్టారూ, ఇప్పుడందరం లోపలే ఉన్నాం కదా, అన్నాడు. నవ్వించాననుకున్నాడు. ఒకరిద్దరు నవ్వారు కూడా.

కాగితాలు చింపి అతని జేబులో పెట్టాను. నెరేయిదా బతికుంటే ఈ తిరుగుళ్ళు ఒక్క పూట సాగనిచ్చేది కాదన్నాను. ఆమె నేర్పిన కాళ్ళతోనే ఆమెని తొక్కుతున్నారన్నాను. బాల్డొమేరోని కోతులాడించేవాడన్నాను.

అందరూ ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళే.

డిసెంబరు 5, బుధవారం

రొట్టె క్యూలో గంటన్నర. పిండి రాలేదు, వస్తోంది, రాదు, వచ్చింది. నా వెనక నిలబడ్డ మిలాగ్రోస్, సంఘంలో ఆవిడే అందరికంటే పెద్ద నోరు, వినపడేలా అంది: నిలబడ్డం ఇష్టమైనవాళ్ళకి ఇక్కడ బానే ఉంటుంది, ఆర్కెస్ట్రా ఒక్కటే తక్కువ. క్యూ క్యూ అంతా నవ్వింది.

మంచి జోకే. ఇంటికొచ్చాక ఒప్పుకుంటున్నాను.

డిసెంబరు 8, శనివారం

బాల్డొమేరో మెట్లెక్కి వచ్చాడు. ఈసారి గుమ్మంలో ఆగకుండా లోపలికొచ్చి కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు.

తనని కోతులాడించేవాడన్నందుకు బాధలేదన్నాడు. కానీ సంఘంలో అందరూ తను నెరేయిదాకి ద్రోహం చేశాడనుకుంటున్నారట, అది మోయలేనన్నాడు. ఆగస్టులో ఆమెని అడిగాడట. యాస్మానీ సంగతి, విరామాల సంగతి, అన్నీ. ఆమె సరేనందట.

అబద్ధాలకోరువి అన్నాను.

"మాస్టారూ, నేనడిగింది ఒక్క విరామం తీసేద్దామా అని. అన్నీ తీసెయ్యమంది ఆవిడే."

లేచి తలుపు తీసి పట్టుకున్నాను. టోపీ పెట్టుకుని దిగిపోయాడు. సగం మెట్లలో ఆగి, మీకు చెప్పొద్దందండీ అన్నాడు. మొదటిసారి నన్ను మాస్టారూ అనలేదు.

డిసెంబరు 9, ఆదివారం

పొద్దున్నే కిందికి వెళ్ళాను. వదిన నల్ల చిక్కుళ్ళలో రాళ్ళు ఏరుతోంది. బాల్డొమేరో ఏమన్నాడో చెప్పాను. తల ఎత్తలేదు. నీకూ తెలుసా అన్నాను.

తెలుసంది.

ఎందుకలా చేసింది అన్నాను. నీ గొంతు చూసుకో, పక్కింట్లో పిల్ల పడుకుంది, అంది. మళ్ళీ అడిగాను. చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టింది.

"ఒక్కరోజన్నా విరామంలో ఊరికే నిలబడ్డామా అని అడిగింది నన్ను. పల్లవి తిరిగొస్తోందంటే దానికి దడ పుట్టేది, నాయనా. నీకు చెప్పాల్సిన చెడ్డవార్తలన్నీ అక్కడికే మోసుకెళ్ళింది బతుకంతా. ఇంట్లో చెబితే నువ్వు టోపీ పెట్టుకుని వంతెన దాకా వెళ్ళిపోతావు."

వంతెన దాకా కాదు. దాటి వెళ్ళేవాణ్ణి.

ఇంకా చెప్పింది. వీళ్ళు ఆగకుండా ఆడుకుంటే పోయేదేముంది, నాకే ఓపికుంటే ఆగకుండా ఆడేదాన్నని అందట. ఈ మాటలన్నీ ఆగస్టులో, ఇదే వంటింట్లో, ఇదే కుర్చీలో కూర్చుని. నేను పైనే ఉన్నాను. పేపరు చదువుకుంటూ ఉండుంటాను.

డిసెంబరు 10, సోమవారం

ఏమీ రాయను.

డిసెంబరు 16, ఆదివారం

రాస్తాను.

బాల్డొమేరో మీద కోపం చిన్నది. ఆ కుర్రాడి మీద అసలు లేదు. ఇప్పుడు తెలుస్తోంది, అవన్నీ చిల్లర.

నెరేయిదా, నువ్వు నన్ను అందరి ముందూ వెర్రివాణ్ణి చేశావు. నీ పేరు పట్టుకుని ఊరి మీద పడ్డాను. నీకోసం పోట్లాడుతున్నాననుకుని నీమీదే పోట్లాడాను. నాకు దాచిపెట్టుకోదగ్గది అదొక్కటే మిగిలింది, నీ పక్కన నిలబడ్డ ఆ నిమిషాలు. అవే నీకు దడ అట. బాల్డొమేరోకి చెప్పావు. మీ అక్కకి చెప్పావు. నాకు చెప్పడానికి మాత్రం నీకు విరామం దొరకలేదు.

కాగితం మీద పోట్లాడితే ఏం లాభం. ఆమె సమాధానం చెప్పదు. గోడ మీది ఫొటోతో కూడా చూశాను. అక్కడ నవ్వుతోంది. నవ్వుతున్న మనిషితో పోట్లాడాలంటే నాకు చేతనైన చోటు ఒకటే ఉంది.

డిసెంబరు 24, సోమవారం

వదిన ఇంట్లో భోజనం. పంది మాంసం చిన్న ముక్క దొరికింది, పెండలం మాత్రం బోలెడంత. వెల్లుల్లీ పుల్లనారింజ రసం కలిపి పోసింది. ఇద్దరమే. మూడో కుర్చీ తీసి వరండాలో పెట్టింది. మంచి పని చేసింది.

తిన్నాక అడిగింది, ఒకటో తారీఖున నన్నెవరు తీసుకెళ్తారు అని. నేను సంఘం మానేశానన్నాను. నేను సంఘం సంగతి అడగలేదు, నా మోకాలి సంగతి అడిగాను, మెట్లెక్కడానికి చెయ్యి కావాలి, అంది. వాళ్ళ ప్రోగ్రాం మధ్యలో జనాన్ని కూడా ఆడడానికి పిలుస్తారట. మిలాగ్రోస్ చెప్పిందట.

ఎప్పుడాడావు ఆఖరిసారి అన్నాను. నీ పెళ్ళిలో, అప్పుడు కూడా నీ కాళ్ళు చూసి జాలేసి కూర్చున్నాను, అంది.

తీసుకెళ్తానన్నాను.

జనవరి 1, మంగళవారం, సాయంత్రం

రాత్రి అందరూ ఆనవాయితీగా పాత ఏడాదిని బకెట్ల నీళ్ళతో వీధిలోకి పారబోశారు. వీధింకా తడిగానే ఉంది. వదిన జారుతుందేమోనని హాలు దాకా నడక గంట పట్టింది.

మా కుర్చీలు వెనక వరసలో. ఉపన్యాసం బాల్డొమేరోయే ఇచ్చాడు. అందరూ చెప్పే కథే, కోడి గుడ్డు పెట్టింది. చివర్లో నెరేయిదా పేరు దగ్గర తడబడ్డాడు. నటన కాదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

మొదటి పాట మా సంఘం వాళ్ళు కెమెరాల కోసం ఆడారు. తిరిగారు, తిరిగారు. రెండో దానికి జనాన్ని పిలిచారు. వదిన అప్పటికే లేచి నిలబడింది. నడి గచ్చు మీదకి వెళ్ళాం. పల్లవి మొదలైంది. చుట్టూ అందరూ నేర్పినట్టే తిరుగుతున్నారు. మేమిద్దరం ఆగాం. చేతిలో చెయ్యి, ఆర్కెస్ట్రా వైపు మొహాలు. ఎవరిదో భుజం నాకు తగిలింది.

ఎత్తుగడ అందుకుని ఆడాం. వదిన మోకాలు నొప్పి అన్నది అబద్ధం. పల్లవి తిరిగొచ్చింది. మళ్ళీ నిలబడ్డాం.

"ఊఁ, కానియ్యి," అంది వదిన, ఆర్కెస్ట్రా వైపు నవ్వుతూ. "పోట్లాటకే కదా వచ్చావు. నేను దాని అక్కనే, చెప్పు. మొహం మాత్రం సరిచేసుకో."

సరిచేసుకున్నాను. పళ్ళు కనిపించేలా. నన్నడగొచ్చు కదా అన్నాను. అడిగితే ఏమనేవాడివి అంది. వద్దనేవాణ్ణన్నాను. మరి ఇంకేం అంది.

అక్కడితో ఆగాల్సింది. పల్లవి అయిపోతోంది, తెలుస్తూనే ఉంది. నా నోరు ఆగలేదు. నెరేయిదాతోనే అంటున్నట్టు, జూన్‌లో డాక్టరు మాట చెప్పినప్పుడు నువ్వు విసురుకుంటూనే ఉన్నావు, నేను నవ్వుతూనే ఉన్నాను, పక్కన మిలాగ్రోస్‌కి తల కూడా ఊపాను, అదా మనిషి చేసే పని, ఆ రోజే నా మొహం మీద విసనకర్ర విసిరికొట్టి ఇంటికి పోయుండాల్సింది నువ్వు, అన్నాను. నవ్వుతూనే అన్నాను. నేనెవరి వైపూ చూడలేదు. వదిన చెయ్యి నా చేతిలో బిగుసుకుంది.

ఎత్తుగడ వెళ్ళిపోయింది.

నా జీవితంలో ఎత్తుగడ తప్పడం ఇదే మొదలు. పక్క కుర్చీల్లోంచి ముసలాళ్ళు చప్పరించడం వినపడింది. నడి గచ్చు మీద, టీవీ ముందు, దాన్సోన్ రానివాడిలా నిలబడ్డాను.

డోళ్ళు వాయించే క్రెసెన్సియో నా వైపు చూశాడు. నెరేయిదా ఈడువాడు. ఏమనుకున్నాడో, ఒక్క దెబ్బ గట్టిగా కొట్టి ఆర్కెస్ట్రాని ఆపి, పల్లవి మళ్ళీ మొదటినుంచి ఎత్తాడు. నేను అందుకునేదాకా ఆగుదామనుకున్నాడు పాపం. దాంతో సంఘం వాళ్ళ తిరుగుళ్ళ లెక్క పోయింది. కొందరు కుడికి, కొందరు ఎడమకి. మిలాగ్రోస్ వెళ్ళి కెమెరా స్టాండుకి గుద్దుకుంది. యాస్మానీ గోడ దగ్గర చేతులూపుతున్నాడు. ఇక ఏం చెయ్యాలో తోచక ముసలాళ్ళు తెలిసిందే చేశారు. నిలబడిపోయారు. హాలంతా విసనకర్రలు విప్పుకున్న చప్పుడు.

బాల్డొమేరో నన్ను చూస్తున్నాడు. కావాలనే చేశాననుకున్నాడు. కావాలని ఎత్తుగడ తప్పేవాడు ఈ ఊళ్ళో పుట్టడని అతనికి తెలియాలి.

దాని తర్వాత ఆడామా లేదా నాకు సరిగా గుర్తులేదు. ఆడామనే అంటోంది వదిన. ఇంటికొస్తుంటే దారిలో అడిగాను, నెరేయిదా అయితే ఏం జవాబు చెప్పేదని. నేను దాని అక్కని, అది కాను, అంది. కాసేపు నడిచాక, అది కూడా నవ్వుతూనే ఉందిగా నాయనా, అంది.

కోపం పోలేదు. చోటు దొరికిందంతే.

జనవరి 3, గురువారం

బాల్డొమేరో వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. యాస్మానీ హవానా వెళ్ళిపోయాడట. విరామాలు ఉంచాలా తీసెయ్యాలా అని సంఘంలో రెండు జట్లయ్యాయట, నన్నే తేల్చమన్నాడు.

శనివారం సంఘం కలిసేదాకా ఆగమన్నాను. విరామంలో నిలబడి నెరేయిదాని అడిగి చెబుతానన్నాను.